పాలకేంద్రం దాకా నడక

"మనసు ఉల్లాసంగా ఉండాలంటే రోజూ చేయాల్సిన పది పనులు" అని ఎవరైనా ఫోన్లో పంపితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరు చెప్పగా పంపారు, నా గురించి ఏం విని పంపారు అని ముందు అనుమానమే వస్తుంది. అయినా ఆ పదింటిలో సగం పనులు నేనిప్పుడు రోజూ చేస్తున్నాను. రెండూ నిజమే కాబట్టి ఇది రాస్తున్నాను. అవన్నీ ఒట్టి కబుర్లు అనుకునేవాళ్ళున్నారు. అవి చేసుకుంటే చాలు, మందులెందుకు అనుకునేవాళ్ళూ ఉన్నారు. ఒక్క ఏడాదిలో నేను ఆ రెండు రకాలుగానూ ఉన్నాను.

మాది గణపవరం. చేపల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ఒక చిన్న ల్యాబ్‌లో పదమూడేళ్ళుగా పని చేస్తున్నాను. రైతులు పొద్దున్నే సీసాల్లో చెరువు నీళ్ళు పట్టుకొస్తారు. అందులో అమ్మోనియా ఎంతుందో, ఉప్పు ఎంతుందో చూసి కాగితం మీద రాసిస్తాను. అది చూసి వాళ్ళు నీళ్ళు మార్చాలో, మేత ఆపాలో తేల్చుకుంటారు. మా ఆయన ప్రసాద్ గారు చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లు బాగుచేస్తారు. మా అమ్మాయి కీర్తన ఏలూరు హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. ఇంట్లో మేమిద్దరం, మా అత్తయ్యగారు.

జూన్

ఆకలి పోయిందని కూడా అనలేను. తినేదాన్ని. రుచే తెలిసేది కాదు. మామిడికాయ పప్పు నోట్లో పెట్టుకుంటే తడి అట్టముక్క నమిలినట్టుండేది. కోడి కూయకముందే మెలకువ వచ్చేసేది, కానీ లేవడానికి కాళ్ళు వచ్చేవి కావు. ఏడుపూ రాదు. ఏడుపొస్తే కనీసం ఫలానా బాధ అని చెప్పుకోవచ్చు. నాకు చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఇల్లు బాగుంది, మనుషులు బాగున్నారు, పిల్ల బాగా చదువుతోంది. నాకే ఏదీ పట్టడం లేదు.

మా అన్నయ్య థైరాయిడ్ చూపించుకోమన్నాడు. చూపించుకున్నాను. అంతా సరిగ్గానే ఉందని వచ్చింది. ఆ రిపోర్టు నేను నమ్మలేదు. రిపోర్టులు రాసే మనిషిని, అందులో తప్పులెలా దొర్లుతాయో నాకు తెలుసు.

ఆ నెలాఖరుకి నా చేతిలోనే దొర్లింది. ఒక రైతు మూడు చెరువుల నీళ్ళు తెచ్చారు. రెండో చెరువుది మూడోదాని కాగితం మీద రాసిచ్చాను. ఆయన బాగున్న చెరువుకి నీళ్ళు మార్చి, బాగోని చెరువుని వదిలేశారు. మర్నాటికి చేపలు వెల్లకిలా తేలాయి. ఆయన వచ్చి అరవలేదు. కాగితం బల్ల మీద పెట్టి, "మేడం గారూ, ఇది మీ చేతిరాతేనాండీ?" అని మెల్లగా అడిగారు. అరిచినా బాగుండేది.

ల్యాబ్ యజమాని, "కొన్నాళ్ళు ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోండమ్మా. మిమ్మల్నేం తీసెయ్యట్లేదు" అన్నారు. తీసెయ్యట్లేదు అన్న మాట నా చెవికి తీసేశాం అన్నట్టే వినిపించింది.

జూలై

ఇంట్లో కూర్చున్నాక అనుమానం పెరిగింది. నేను వంటింట్లోకి వెళ్ళేసరికి మాటలు ఆగిపోయేవి. మా ఆయన ఫోనొస్తే వాకిట్లోకి వెళ్ళి మాట్లాడేవారు. బాత్రూం తలుపు గడియ ఊడిపోయింది. "రేపు బిగిస్తాలే" అన్నారు. ఎంత పాత మోటారైనా పూటలో విప్పి బిగించే మనిషి, నెల గడిచినా ఆ గడియ బిగించలేదు. నేను లోపలికెళ్తే రెండు నిమిషాలకోసారి బయట దగ్గు వినపడేది.

వీళ్ళంతా కలిసి నన్నేదో చేయబోతున్నారని నమ్మాను. ఎక్కడికైనా పంపేస్తారేమో. పిచ్చి అని రాయించుకుని పుట్టింట్లో దింపేస్తారేమో. ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది గానీ, అప్పుడు ప్రతి దగ్గుకీ నా దగ్గర సాక్ష్యం ఉండేది.

ఒక ఆదివారం కీర్తన ఇంటికొచ్చింది. దాని ఇష్టమని అత్తయ్యగారు రొయ్యల ఇగురు చేశారు. అది నా పక్కన కూర్చుని కాలేజీ కబుర్లు చెబుతూ చెబుతూ ఆగిపోయి, "అమ్మా, నా మీద కోపమా?" అంది.

"లేదే."

"మరి ఒక్కసారి కూడా నా వంక చూడలేదు నువ్వు."

చూడాలని తల తిప్పాను. నా కూతురు ముఖం చూస్తుంటే నాలో ఏమీ కదల్లేదు. ఆ క్షణంలో నాకు వేసినంత భయం జీవితంలో ఎప్పుడూ వేయలేదు. మా ఆయన్ని వంటింట్లోకి పిలిచి, "ఏవండీ, నన్ను ఎవరికైనా చూపించండి" అన్నాను. ఆయన జేబులోంచి చీటీ తీశారు. తాడేపల్లిగూడెంలో మానసిక వైద్యురాలి పేరు, వారాలు, వేళలు. నలిగిపోయి ఉంది. ఎన్ని రోజులుగా జేబులో పెట్టుకు తిరుగుతున్నారో. కృతజ్ఞత కలగాల్సిన చోట నాకు కలిగింది, చూశావా, ముందే అనుకున్నారు, అన్న ఆలోచన.

ఆగస్టు

ఆ ఆస్పత్రి గదిలో ఇరవై మందిమి ఉంటే ఇరవై మందీ తలుపు వైపు వీపు పెట్టి కూర్చోవాలనే చూస్తారు. ఎవరో తెలిసినవాళ్ళు చూస్తారని చెంగు చెవుల మీదకి లాక్కుంటారు. నా పక్కన అత్తిలి నుంచి వచ్చిన ఒకావిడ, నేనడక్కుండానే, "మా చెల్లెల్ని తీసుకొచ్చానండీ" అంది. చెల్లెలు ఎక్కడా లేదు. పేరు పిలిచినప్పుడు ఆవిడే లేచి వెళ్ళింది. బయటికొచ్చి నా వంక చూసి, సంచిలోంచి రెండు జామకాయలు తీసి ఒకటి నా చేతిలో పెట్టింది. "గంటన్నర పడుతుందండీ మీ వంతు రావడానికి. నీరసం వస్తుంది, తినండి." నేను తినలేదు. ఎవరిచ్చినా తినే స్థితిలో లేను. ఆ కాయ ఇంటిదాకా సంచిలోనే ఉంది.

డాక్టరుగారు నాకంటే చిన్నావిడ. చాలాసేపు విన్నారు. ఇది డిప్రెషన్ అని, మధుమేహం లాగే ఇదీ జబ్బేనని, మీ బద్ధకం కాదని చెప్పారు. మాత్రలు రాశారు. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందన్నారు. తర్వాత ఇంకో కాగితం మీద నాలుగు ముక్కలు రాశారు. పొద్దున ఎండ పొడ పడేట్టు అరగంట నడవండి. రోజూ ఒకే వేళకి తిని, ఒకే వేళకి లేవండి. చేత్తో చేసే పని ఏదైనా ఒకటి చేయండి. ఇంటి బయటి మనిషితో రోజుకొక్కసారి మాట్లాడండి.

"ఇవి మా అమ్మ కూడా చెబుతుందండీ" అన్నాను. మర్యాదగా అనలేదు.

ఆవిడ కోపం తెచ్చుకోలేదు. "నమ్మకండి. మీరు ల్యాబ్‌లో నీళ్ళని నమ్ముతారా, పరీక్ష చేస్తారా?"

"పరీక్ష చేస్తాను."

"ఇదీ అంతే అనుకోండి. కానీ మాత్రలు మాత్రం పరీక్షకి ఆపొద్దు. అవి వేసుకుంటూనే ఇవి చేయండి."

ఆ రెండో మాట సరిగ్గా చెవిన పెట్టుకోలేదు. దానికి తర్వాత శిక్ష పడింది.

సెప్టెంబరు

నడవడానికి నేనేమీ లేవలేదు. లేపింది మా అత్తయ్యగారు. ఆవిడకి డెబ్భై దాటాయి. పెళ్ళై ఇన్నేళ్ళలో నన్నొక్క సాయం అడిగిన మనిషి కాదు. అలాంటావిడ ఒకరోజు పొద్దున్నే పాల క్యాను పట్టుకుని నా మంచం దగ్గర నిలబడింది.

"అమ్మాయ్, నాకు కళ్ళు సరిగ్గా ఆనట్లేదే. పాలకేంద్రం దాకా తోడు రా."

"ఆయన్ని తీసుకెళ్ళండి అత్తయ్యా."

"వాడు చెరువుల మీదకి పోయాడు. ఆవు నీకోసం ఆగుతుందా? లే."

మాకొక ఆవుంది. పాలు కేంద్రంలో పోయాలి. కాలువ గట్టున వెళ్తే పావుగంట. ఆవిడ నా భుజం పట్టుకుని నడిచేది. దారిలో ఒక్క మాటా మాట్లాడేది కాదు, అది నాకు హాయిగా ఉండేది. తూర్పున చెరువుల మీద ఎండ పడి నీళ్ళు తళతళలాడుతుంటే కళ్ళు చికిలించుకునేదాన్ని. కేంద్రంలో పాలు కొలిచే సత్యవతి గారు, "రండి సుజాత గారూ, ఇవాళ వెన్న బాగుందండి మీ పాలల్లో" అనేది. నేను "ఊఁ" అనేదాన్ని. కాగితంలో చెప్పిన బయటి మనిషితో మాట ఆ రోజుకి అదే.

మూడు వారాలకి ఒక చిన్న సంగతి జరిగింది. ఇంటికొచ్చి గోంగూర ఆకు తుంచుతుంటే పులుపు వాసన ముక్కుకి తగిలింది. అంతే. వాసన తెలిసింది. చాలాసేపు ఆ ఆకులు ముక్కు దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను. ఇది నడక వల్లా, మాత్ర వల్లా, లేక ఊరికే వచ్చిందా అని అప్పుడే అనుమానం మొదలైంది. సంతోషం వచ్చిన ప్రతిసారీ దాని వెనక ఎవరున్నారో వెతకడం నా జబ్బులో భాగమని నాకప్పటికి తెలీదు.

ఆ అనుమానంలోనే ఇంకొకటి పట్టుకున్నాను. అత్తయ్యగారు వరండాలో కూర్చుని, కళ్ళజోడు లేకుండా, నా మాత్రల అట్ట తిప్పి వెనక సన్నక్షరాలు చదువుతోంది. తర్వాత సూదిలో దారం ఎక్కించింది. ఒకేసారికి ఎక్కింది.

అక్టోబరు

రెండ్రోజులు కడుపులో పెట్టుకుని మూడోరోజు అన్నాల దగ్గర బయటపెట్టాను.

"మీ కళ్ళకేమీ కాలేదు. నాతో నాటకమాడుతున్నారు. తల్లీ కొడుకులు కలిసి."

మా ఆయన కంచంలో చెయ్యి ఆపేశారు. "సుజాతా, అది కాదు..."

"నువ్వుండరా" అని ఆపింది అత్తయ్యగారు. నా వైపు తిరిగింది. "అవునే. కళ్ళు బాగానే ఉన్నాయి. అబద్ధమే ఆడాను."

"ఎందుకు? నేను పిచ్చిదాన్నా?"

"ముందు నీకోసం కాదు." ఆవిడ మాట తడబడలేదు. "వాడు పొద్దున లేచి పొయ్యి వెలిగించుకుంటుంటే చూడలేకపోయాను. ఊళ్ళో వాళ్ళు అడుగుతుంటే చెప్పలేకపోయాను. కోడలు లేచి బయట తిరిగితే జనం నోళ్ళు మూతపడతాయనుకున్నాను. దానికే తీసుకెళ్ళాను."

మా ఆయన తల దించుకున్నారు. నాకు మాత్రం, ఏమిటో, ఊపిరి ఆడింది. ఇంట్లో నాలుగు నెలల తర్వాత ఒక మనిషి నాతో నిజం మాట్లాడింది.

"మరి ఇప్పుడెందుకు తీసుకెళ్తున్నారు?"

ఆవిడ అన్నంలో మజ్జిగ కలుపుకుంది. "మా చెల్లెలు గుర్తుందా? నువ్వు చూడలేదులే. ముదినేపల్లిలో ఇచ్చారు. కాన్పయ్యాక ఇలాగే గోడ వైపు తిరిగి పడుకుంది. గాలి సోకిందని ఏడాది గదిలో పెట్టారు. ఎవరూ ఎండలోకి తీసుకురాలేదు. నేనూ తీసుకురాలేదు. నాకు ముగ్గురు పిల్లలు, తీరిక లేదనుకున్నాను." తర్వాత ఆ చెల్లెలు ఏమైందో ఆవిడ చెప్పలేదు. నేనూ అడగలేదు. "రేపు వస్తావా రావా, అది చెప్పు. రాకపోతే నేనొక్కదాన్నే పోతాను. దారి నాకు బాగానే కనబడుతుంది."

మర్నాడు వెళ్ళాను. ఈసారి ఆవిడ నా భుజం పట్టుకోలేదు. పక్కపక్కనే నడిచాం.

నవంబరు

అక్టోబరు నెలాఖరుకే తిండి రుచి తెలుస్తోంది, నిద్ర పడుతోంది. ఒకరోజు సత్యవతి గారు ఏదో అంటే పైకి నవ్వాను. నా నవ్వు విని నేనే ఉలిక్కిపడ్డాను. అప్పుడు నా తెలివి ఇలా పనిచేసింది. నడక వల్లే బాగైంది, ఈ మాత్రలు అలవాటు చేసి నన్ను జీవితాంతం తిప్పుకుందామనే రాశారు. ఎవరికీ చెప్పకుండా మానేశాను. పొద్దున అత్తయ్యగారు నీళ్ళ గ్లాసుతో ఇస్తే నాలుక కింద పెట్టుకుని పెరట్లో ఉమ్మేసేదాన్ని.

ఇది చదివేవాళ్ళలో ఎవరైనా ఆ దారిలో ఉంటే, ఆగండి. డాక్టరుని అడిగి, ఆవిడ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవడం వేరు, నేను చేసింది వేరు. నడక నిలబెడుతుంది, కాదనను. కానీ నేను నిలబడగలిగేదాకా తెచ్చింది ఆ మాత్రలు కూడా.

రెండు వారాలకి వానలు పట్టుకున్నాయి. ముసురు. నడక ఆగింది. అత్తయ్యగారికి జ్వరం. ఆవు పాలు మా ఆయనే ఎప్పుడో వెళ్ళి పోసి వచ్చేవారు. నేను మళ్ళీ గోడ వైపు తిరిగాను. ఈసారి జూన్ కంటే లోతుకి వెళ్ళాను. ఆ లోతు గురించి ఎక్కువ రాయను. నేను లేకపోతే వీళ్ళందరికీ తేలిక అన్న మాట, లెక్క సరిచూసుకున్నంత చల్లగా, నిజంలాగా అనిపించింది. అది నిజం కాదు. జబ్బు నా గొంతుతో మాట్లాడుతోంది. కానీ లోపలున్నప్పుడు తేడా తెలియదు.

వాన కాస్త తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం, మా ఆయన చెరువుల మీద ఉన్నారు, అత్తయ్యగారు నిద్రలో ఉన్నారు. వీధి గుమ్మం దగ్గర ఎవరో పిలిచారు. సత్యవతి గారు. చేతిలో గొడుగు, చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసిపోయి ఉన్నాయి.

"ఏంటండీ నాలుగు రోజులైంది మీరు రాక. మీ ఆయన్ని అడిగితే బాగానే ఉందన్నారు. ఆయన ముఖం చూస్తే బాగున్నట్టు లేదు. అందుకని వచ్చానండీ."

నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. "ఎవరు పంపించారు మిమ్మల్ని?"

"ఎవరు పంపిస్తారమ్మా? నాకు కాళ్ళు లేవా?"

ఎందుకో ఆ మాటకి నా నోటి వెంట వచ్చేసింది. కన్నవాళ్ళతో, కట్టుకున్నవాడితో అనలేనిది ఆవిడతో అన్నాను. "సత్యవతి గారూ, నాకు బతకాలని లేదండీ."

ఆవిడ అయ్యో అనలేదు. దేవుణ్ణి తలచుకోమనలేదు. పిల్ల ముఖం చూడమనలేదు. గొడుగు ముడిచి గోడకి ఆనించి, తడి చీరతోనే గుమ్మం మెట్టు మీద కూర్చుంది. "ఇలా కూర్చోండి" అని పక్కన చోటు చూపించింది. నా చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుంది. కాసేపటికి, "మీ ఆయనకి ఫోన్ చేస్తానండీ. మీకు చెప్పే చేస్తున్నాను, చాటుగా కాదు. ఆయనొచ్చేదాకా నేను కదలను" అంది. సాయంత్రం పాలు కొలిచే వేళ అయింది. ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ఆవిడ కదల్లేదు.

మా ఆయన బురద కాళ్ళతోనే వచ్చారు. నేను మాత్రల సంగతి చెప్పేశాను. కోప్పడతారనుకున్నాను. నా ఎదురుగా నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. "నాకు చాలా భయమేసింది సుజాతా. జూలై నుంచి భయంగానే ఉంది. ఎవరికీ చెప్పుకోలేదు." ఆ గడియ, ఆ దగ్గు, వాకిట్లో ఫోన్లు, అన్నీ ఏమిటో అప్పుడర్థమయ్యాయి. నేనొక్కదాన్నే వాళ్ళని అనుమానిస్తున్నాననుకున్నాను. నేనేమైనా చేసుకుంటానేమోనని వాళ్ళు నాకంటే ఎక్కువగా నన్ను అనుమానిస్తూ, కంటి మీద రెప్పేయకుండా కూర్చున్నారు.

ఆ సాయంత్రమే తాడేపల్లిగూడెం వెళ్ళాం. డాక్టరుగారు తిట్టలేదు. "చెప్పారు కదా, అది చాలు. మళ్ళీ మొదలెడదాం" అన్నారు.

తేరుకున్నాక నేనొక పని చేశాను. చెప్పుకుంటే సిగ్గే. సత్యవతి గారిని ఎవరు పంపారో విడివిడిగా వాకబు చేశాను. మా ఆయన్ని అడిగాను, అత్తయ్యగారిని అడిగాను, చివరికి డాక్టరుగారిని కూడా అడిగాను. ఎవరూ పంపలేదు. రోజూ కనబడే మనిషి నాలుగు రోజులు కనబడలేదు, చూసి వద్దామని వానలో వచ్చింది. అంతకంటే ఏమీ లేదు. రోజుకొక మనిషితో ఒక మాట అని డాక్టరుగారు రాసింది ఎందుకో నాకు అప్పటికి తలకెక్కింది. ఆ మాటలో సంతోషం ఉండక్కర్లేదు. మనం లేకపోతే వెలితి తెలిసే చోటు ఊళ్ళో ఒకటి ఉంటుంది.

ఫిబ్రవరి

డిసెంబరు చివర్లో మా ఆయన చెప్పాపెట్టకుండా బాత్రూం తలుపుకి కొత్త గడియ బిగించారు. ఫిబ్రవరిలో నన్ను ల్యాబ్‌కి రమ్మన్నారు. మొదటిరోజు ఒక్కో కాగితం మూడుసార్లు సరిచూశాను. జూన్‌లో నష్టపోయిన ఆ రైతుని కలిసి క్షమించమని అడిగాను. "మనుషులం కదండీ" అన్నారాయన. ఇప్పుడు నీళ్ళు మా ల్యాబ్‌కి తేవట్లేదు. అది ఆయన హక్కు.

కీర్తన ఆదివారాలు వస్తుంది. దాని వంక చూస్తాను. కొన్ని వారాలు బాగా కదులుతుంది మనసు, కొన్ని వారాలు తక్కువ. బాగున్న రోజుని ఇంకా పూర్తిగా నమ్మను. కానీ నమ్మకపోయినా నడుస్తాను, వేళకి తింటాను, మాత్ర వేసుకుంటాను. నిద్ర చెడగొడుతుందని చీకటిపడ్డాక నా ఫోను అత్తయ్యగారి దిండు కింద ఉంటుంది, నేను అడిగినా ఆవిడ ఇవ్వదు.

మొన్న

కొల్లేటి వైపు నుంచి ఒక రైతు వచ్చారు. యాభై ఏళ్ళుంటాయి. సోమవారం సీసా తెచ్చారు. నీళ్ళు బాగున్నాయని చెప్పాను. మంగళవారం మళ్ళీ అదే చెరువు నీళ్ళు తెచ్చారు. బాగున్నాయి. బుధవారం మళ్ళీ వచ్చి, కాగితం తీసుకుని, వెళ్ళకుండా బెంచీ మీదే కూర్చున్నారు. చొక్కా గుండీలు ఒకటి దాటి ఒకటి పెట్టుకున్నారు. కాగితం వంక చూడట్లేదు.

నా అనుమానం ఊరికే ఉండదు కదా. చేతులు కడుక్కుని వెళ్ళి ఆ బెంచీ చివర కూర్చున్నాను.

"నిద్ర పడుతోందాండీ?"

ఆయన ఉలిక్కిపడ్డారు. "ఎందుకడుగుతున్నారు? మావాళ్ళెవరైనా ఫోన్ చేశారా?"

"లేదండీ. నీళ్ళు మూడు రోజులుగా బాగున్నాయి. మీరే బాగున్నట్టు లేరు."

ఆయన సీసా మూత తిప్పడం మొదలుపెట్టారు. తర్వాత, "అన్నం సయించట్లేదండీ. ఏమీ చేయబుద్ధి కావట్లేదు. ఇంటిదగ్గర చెబితే నవ్వుతారు" అన్నారు. నేను నా సంగతి చెప్పాను, ఇక్కడ రాసినంతా కాదు, సగం. డాక్టరుగారి పేరు, వారాలు ఒక కాగితం మీద రాసిచ్చాను. వెళ్తారో లేదో నాకు తెలీదు. మడిచి జేబులో అయితే పెట్టుకున్నారు. గుమ్మం దాకా వెళ్ళి ఆగారు.

"రేపు కూడా నీళ్ళు తెమ్మంటారా మేడం గారూ?"

"నీళ్ళు అక్కర్లేదండీ. మీరు రండి."